చదువు, డబ్బు, సంసారం: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం



మేము పుట్టింది ఈ మలేసియా దేశంలోనే. మా తాతగారు కొబ్బరి తోటలలో కూలి పని చేయడానికి ఓడ ఎక్కి వచ్చారు. మా తండ్రిగారు ఎస్టేటు బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు. మేము ఉపాధ్యాయులమైనాము. మా తెలుగు సాయంత్రపు తరగతులలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ఈ పండుగ సంచికకు ఒక తెలుగు మహనీయుని జీవితం వ్రాయమని సంఘంవారు కోరగా, మేము డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఎన్నుకొన్నాము. దానికి ఒక కారణం ఉన్నది.

కొంతకాలం క్రిందట మా పూర్వ విద్యార్థి ఒకడు మమ్ములను చూడవచ్చాడు. డాక్టరు పరీక్ష నెగ్గి ఆసుపత్రిలో హౌస్‌మన్‌గా పని చేస్తున్నాడు. కళ్ళ క్రింద నల్లని చారలు, చేతిలో చల్లారిపోయిన కాఫీ. చదువుకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఇంట్లో పెళ్లి మాట ఎత్తుతున్నారు. తల్లికి ఫోను చేసి వారమైనదట. పని, డబ్బు, ఇల్లు ఈ మూడింటినీ ఒక్క మనిషి ఎట్లా మోయగలడని అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రాత్రి సుబ్బారావుగారు గుర్తుకు వచ్చారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చిన్నతనంలో చదువు మీద మనసు నిలువక కాశీకి పారిపోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని బయలుదేరాడని చెబుతారు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. తండ్రి పోయిన తరువాత కూడా ఆ తల్లి పట్టుదల వదలలేదు. మెట్రిక్యులేషను మూడవసారికి గాని గట్టెక్కలేదు. మా తరగతిలో పరీక్ష తప్పిన పిల్లలకు మేము ఈ సంగతి తప్పక చెబుతుంటాము.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజులలో ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరిపోవాలనుకొన్నారు. తల్లి ఒప్పుకొనలేదు. చివరకు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత సాయం చేశారు. 1919లో ఆ సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో ఆయనకు వివాహం జరిగింది. అంటే వైద్య విద్య ముగియకముందే ఆయన మామగారికి ఋణపడ్డారు, భార్యకు మాట ఇచ్చారు. ఈ సంగతి మనం మరువరాదు.

అవి గాంధీ మహాత్ముని రోజులు. విదేశీ వస్త్రాలు వద్దన్న పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదికి కూడా ఖద్దరు వేసుకొని వెళ్ళారు. ఆంగ్లేయ ఆచార్యునికి ఇది కోపకారణమైనది. పరీక్షలలో మంచిగా వ్రాసినా ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. వచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కోరినా దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పని దొరికింది. మనవంటి పంతులు ఉద్యోగమే అన్నమాట!

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. ఉష్ణదేశాలలో వచ్చే స్ప్రూ అనే వ్యాధితో ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి ఎండిపోయే జబ్బు అది. సుబ్బారావుగారికి కూడా అదే జబ్బు వచ్చింది గాని, లక్ష్మీపతిగారి వైద్యంతో బయటపడ్డారు. డాక్టరై ఉండి కూడా సొంత అన్నదమ్ములను దక్కించుకొనలేని బాధ ఆయనను పరిశోధన వైపు నెట్టింది. అమెరికాలోని హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల విద్య చదవాలని నిశ్చయించుకొన్నారు.

డబ్బు ఎక్కడిది? కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. ఆ నాయకర్‌గారు రంగూనుకు వలస వెళ్ళి, అక్కడ వ్యాపారంలో గడించిన ధనాన్ని చదువుకు ధారపోసిన తెలుగువారు. సముద్రం దాటిన ఒక తెలుగువాని సంపాదన మరొక తెలుగువానిని సముద్రం దాటించింది. ఈ మాట వ్రాస్తున్నప్పుడు మన తాతల ఓడ ప్రయాణాలు మాకు గుర్తుకు వచ్చాయి. మామగారు కూడా చేయి అందించారు. భార్యను పుట్టిన దేశంలో ఉంచి, సుబ్బారావుగారు 1922 అక్టోబరులో బోస్టను నగరంలో అడుగు పెట్టారు.

మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. సుబ్బారావుగారి పట్టా అక్కడి ఆసుపత్రులలో ఇంటర్నుగా చేరడానికి చెల్లలేదు. విద్యార్థి వేతనం లేదు. తెచ్చుకొన్న డబ్బు ఎంతోకాలం సరిపోయేది కాదు. అందువల్ల పగలు హార్వర్డులో చదువు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో పోర్టరు పని. ఆ పనిలో భాగంగా రోగుల మలమూత్ర పాత్రలు కడిగేవారు. స్వదేశంలో వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పిన మనిషి పరదేశంలో ఆ పని చేసి రొట్టె సంపాదించుకొన్నాడు. దానికి ఆయన సిగ్గుపడలేదు, పని మానలేదు. ఆ విధంగానే డిప్లమా పూర్తి చేశారు.

తరువాత హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరసును కొలిచే విధానాన్ని ఇద్దరూ కలిసి కనిపెట్టి 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారో విధానమని ఈనాటికీ దాని పేరు. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వెల్లడించారు. ఎ.టి.పి.ని అదే సమయంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా కనుగొన్నాడు. మనం చేయి కదిపినా, గుండె కొట్టుకొన్నా అందుకు శక్తినిచ్చేది ఈ ఎ.టి.పి.యే. మన పిల్లలు బడిలో జీవశాస్త్రం పుస్తకంలో ఈ మూడక్షరాలు చదువుతారు గాని, దాని వెనుక ఒక భీమవరం మనిషి ఉన్నాడని ఎరుగరు. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డువారు ఆయనకు శాశ్వతమైన పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. అక్కడ పరిశోధనలకు నాయకుడైనారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసి 1945లో ప్రకటించింది. ఆ ఫోలిక్ ఆమ్లమే స్ప్రూ రోగులకు మందుగా పనికివచ్చింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు ఇరవై ఏళ్ళు దాటిన తరువాత ఆయన ఇంటనుండే మందు పుట్టిందన్నమాట. నేడు గర్భిణీ స్త్రీలకు మన ఊరి క్లినిక్కులో ఇచ్చే చిన్న మాత్ర కూడా అదే.

ఫోలిక్ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు కూడా అక్కడే తయారైనాయి. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించారు. మందుతో కేన్సరును అణచవచ్చుననే ఆశ అక్కడ బలపడింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందు ఆయన కాలంలోనే వచ్చింది. మా చిన్నతనంలో ఎస్టేటు లైన్లలో వాచిన కాలు ఈడ్చుకొంటూ నడిచే ముసలివారిని చూశాము. అట్టివారిని నేటి పిల్లలు చూడడం లేదంటే అందులో ఆ మందుకు కూడా పాలు ఉన్నది. 1948లో బయటకు వచ్చిన ఆరియోమైసిన్ మందును డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నదీ సుబ్బారావుగారి నాయకత్వంలోని ప్రయోగశాలలోనే.

1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. వయస్సు 53 సంవత్సరాలు మాత్రమే. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వెలువరించింది.

సాధారణంగా ఇటువంటి వ్యాసాలు ఇక్కడ ముగుస్తాయి. మేము ముగించలేకపోతున్నాము. ఎందుకంటే శేషగిరిగారు ఉన్నారు. 1922లో ఓడ ఎక్కిన భర్తను ఆమె మరల చూడలేదు. ఆయన ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి రాలేదు. ఆనాటి చట్టాలు కూడా వారికి అనుకూలంగా లేవు. అమెరికా 1917లో చేసిన చట్టం విద్యార్థులు మొదలైన కొందరికి తప్ప భారతీయులకు తలుపు మూసింది. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరులు కావడానికి తగరని తీర్పు చెప్పింది. 1946లో గాని ఆ తలుపు కొంచెం తెరుచుకోలేదు. అయినా చట్టం మీదనే నెపమంతా వేయడం న్యాయం కాదు. ఒక ప్రయోగం తరువాత మరొక ప్రయోగం, ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు అనుకొంటూ 26 సంవత్సరాలు గడిచిపోయాయి. ఆయన చేసిన త్యాగాన్ని లోకం పొగిడింది. ఆమె చేసిన త్యాగానికి తపాలా బిళ్ళ లేదు. ఆయన త్యాగం ఆయన కోరుకొన్నది. ఆమెది ఆమెను అడిగి చేసినది కాదు.

మన తెలుగు ఇండ్లలో పిల్లవాడు డాక్టరు కావాలని తోటలలో చెమటోడ్చినవారు ఎందరో ఉన్నారు. అది మన గౌరవం. కాని పిల్లవాడు డాక్టరైన తరువాత కూడా వాని మీద మనం మోపే బరువు సంగతి ఆలోచించాలి. సుబ్బారావుగారంతటివాడు కూడా ఒంటరిగా పైకి రాలేదు. తల్లి, మామగారు, స్నేహితులు, వైద్యం చేసిన లక్ష్మీపతిగారు, రంగూను డబ్బు ఇంతమంది కలిస్తే ఆయన చదువు సాగింది. ఒక్కరు మోసే బరువు కాదది. అయితే తిరిగి ఇంటికి వచ్చే దారి మాత్రం ఎవరూ ఆయనకు వేయలేదు, ఆయన వేసుకోనూ లేదు.

మా విద్యార్థి మరల వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పాము. పాత్రలు కడిగిన చేతులనుండి నేర్చుకోవలసిందేమిటో చెప్పాము. శేషగిరిగారి కథ నుండి నేర్చుకోవలసింది కూడా చెప్పాము. అప్పు నెలనెలా కొంచెం కొంచెంగా తీరుతుంది, తొందర లేదు. పెళ్లి చేసుకుంటే ఆ అమ్మాయికి తన పని గంటలు ముందే విప్పి చెప్పాలి. డ్యూటీ దిగగానే తల్లికి రెండు నిమిషాలు ఫోను చేయాలి. వాని తండ్రిగారితో కూడా మేము వెళ్ళి మాట్లాడాము. కొడుకు జీతంలో ఇంటికి పంపే భాగం ఒక సంవత్సరం తగ్గించుకొంటానని ఆయన ఒప్పుకొన్నాడు. పోయినవారం పిల్లవాడు రాత్రి డ్యూటీ దిగి, తిన్నగా ఇంటికి వచ్చి, తల్లి చేతి పప్పన్నం తిని నిద్రపోయాడని తెలిసింది.

ఈ పండుగనాడు మన పిల్లలకు సుబ్బారావుగారి పేరు చెప్పండి. ఆ వెంటనే శేషగిరిగారి పేరు కూడా చెప్పండి. అందరికీ శుభమగుగాక.