ఎమ్మా డార్విన్ దొరసానిగారి పరిచర్య

జీవశాస్త్రము చదువు మన విద్యార్థులకు చార్లెస్ డార్విన్ పేరు సుపరిచితము. పరిణామ సిద్ధాంతమును పరీక్షలలో చక్కగా వ్రాయువారు సైతము, ఆయన ఇంచుమించు నలువది సంవత్సరములు రోగిగా గడపెననియు, ఆ కాలమంతయు ఆయనకు ఆసరాయై నిలిచినది ఆయన భార్యయనియు ఎరుగరు. ఆమె చరిత్రము తెలిసికొనదగినది.

ఎమ్మా 1808వ సంవత్సరము మే 2వ తేదీన ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైరు సీమలో, మేర్ అను గ్రామమున జన్మించెను. తండ్రి, పింగాణి పాత్రలకు పేరొందిన వెడ్జ్‌వుడ్ వంశమువాడు. ఆయన సంతానములో ఈమె కడగొట్టుది. పియానో వాయించుటలో నిపుణురాలు. ఫ్రెంచి, జర్మను, ఇటాలియను భాషలు నేర్చినది. అక్క ఫానీతో కూడి గ్రామపు బిడ్డలకు ఆదివారపు బడి నడపి, వారు చదువుకొనుటకై చిన్న కథలు తానే వ్రాసెను. 1832లో ఫానీ అకస్మాత్తుగా మరణించెను. పరలోకమున అక్కను మరల చూతునను నిరీక్షణ అప్పటినుండి ఎమ్మా హృదయములో వేరూనెను. పుట్టింటివారు యూనిటేరియనులగుటచే మన విశ్వాస ప్రమాణములోని త్రిత్వమును ఆమె అంగీకరింపలేదు గాని, ప్రార్థనయందును నిత్యజీవమందును ఆమెకు గల నమ్మకము గట్టిది.

1839 జనవరి 29న ఆమె మేనత్త కొడుకైన చార్లెసును పెండ్లాడెను. మనవారి మాటలో మేనరికము. మతవిషయమున తనకు గల సందేహములను ఆయన పెండ్లికి ముందే దాచక చెప్పెను. తండ్రి దాచుమని హెచ్చరించినను దాచలేదు. పెండ్లియైన కొలదికాలమునకే ఎమ్మా ఆయనకొక ఉత్తరము వ్రాసెను. రుజువు చూపనిదే దేనిని నమ్మని శాస్త్రజ్ఞుల అలవాటు, రుజువునకు అందని విషయములలో అడ్డము కాకూడదని అందు మనవి చేసికొనెను. మరణానంతరము తామిద్దరు ఎడబాయుదురేమోయని ఆమె భయము. చార్లెసు ఆ ఉత్తరమును బ్రతికినంతకాలము భద్రపరచెను. తాను దానిని ఎన్నోమారులు ముద్దుపెట్టుకొని కన్నీరు కార్చితినని దాని క్రింద వ్రాసికొనెను.

1842 సెప్టెంబరులో ఆ కుటుంబము కెంటు సీమలోని డౌన్ గ్రామమునకు చేరెను. వ్యాధి అప్పటికే ముదిరియుండెను. వాంతులు, గుండెదడ, తల తిరుగుట, సెగగడ్డలు, ఒంటిమీద పొక్కులు, అంతులేని నీరసము. అతిథులతో కొంతసేపు మాటలాడినచో ఆ రాత్రి నిద్ర యుండదు. ఏ వైద్యుడును రోగనిదానము చేయలేకపోయెను. పేరుగల రోగముకంటె పేరులేని రోగము ఇంటివారిని ఎక్కువగా బాధించునని రోగి మంచము ప్రక్కన కూర్చున్నవారికి తెలియును. 1849లో మాల్వెర్న్ పట్టణమున జేమ్స్ గల్లి అను వైద్యునియొద్ద చన్నీటి చికిత్స పొందుటకై భర్తతో పాటు ఎమ్మా పిల్లలనందరిని వెంటగొని పోయి, మూడు నెలలకు పైగా అచ్చటనే కాపురము పెట్టెను. ఆ చికిత్స కొంత మేలు చేసెను గాని రోగమును పోగొట్టలేదు.

ఇంటియొద్ద ఆమె పరిచర్య అంతయు చిన్న పనులతో కూడినది. ఆయన సోఫాపై పరుండగా నవలలు చదివి వినిపించుట, సాయంకాలము పియానో వాయించుట, రాత్రి భోజనమైన తరువాత పాచికలతో రెండు ఆటలు బాక్‌గామన్ ఆడుట. ఈ ఆటల లెక్కను చార్లెసు వ్రాసి పెట్టుకొనెడివాడు: 1876 నాటికి ఆయన గెలిచినవి 2,795, ఆమె గెలిచినవి 2,490! ఈ మధ్యనే ఆమె పదిమంది బిడ్డలను కనెను. ముగ్గురు చిన్నతనముననే గతించిరి. 1851 ఏప్రిల్ 23న పదేండ్ల ఆనీ మాల్వెర్న్‌లో చనిపోయినప్పుడు, ఎమ్మా నిండు గర్భిణియై డౌన్‌లోనే ఉండి, తపాలాలో వచ్చు కబుర్లకై ఎదురు చూడవలసి వచ్చెను.

ఆమె విశ్వాసమునకు కఠినమైన పరీక్ష మరియొకటి కలదు. 1844లో చార్లెసు తన సిద్ధాంతమును ఒక వ్యాసముగా వ్రాసి, తాను మరణించినచో 400 పౌనులు వెచ్చించి దానిని ప్రచురింప జేయుమని భార్యకే ఒక పత్రము వ్రాసి యుంచెను. ఆమె భయపడిన తలంపులే అందున్నవి; అయినను ఆ బాధ్యతను ఆయన నమ్మకముతో ఆమె చేతనే పెట్టెను. 1861లో ఆమె మరల వ్రాసెను: బాధను దేవుని హస్తమునుండి వచ్చినదిగా స్వీకరించుటయే తనకు ఊరట యనియు, ఆయనయు అట్లు ప్రార్థనవైపు తిరుగవలెనని తన కోరిక యనియు. అందు కోపము లేదు, వాదము లేదు. ఆయన మాత్రము తన అభిప్రాయమును మార్చుకొనలేదు.

1882 ఏప్రిల్ 19న చార్లెసు గుండెజబ్బుతో మరణించెను. ఆ వ్యాధి మూలమేమి? 1835 మార్చిలో, బీగిల్ నౌకాయాత్ర దినములలో, అర్జెంటీనాలోని మెండోసా ప్రాంతమున ఒక పెద్ద నల్లని నల్లి తన్ను కుట్టినదని ఆయన వ్రాసియున్నాడు. అట్టి నల్లులు చేరవేయు సూక్ష్మజీవివలన కలుగు వ్యాధిని కార్లోస్ చాగస్ బ్రెజిలులో 1909లో కనుగొనెను. చార్లెసునకు సోకినది అదియేయని సాల్ ఆడ్లర్ అను శాస్త్రజ్ఞుడు 1959లో ప్రతిపాదించెను. గుండెదడ యాత్రకు ముందే యుండెనని కొందరు ఆక్షేపించుచున్నారు. వైద్యులింకను ఏకాభిప్రాయమునకు రాలేదు. ఎమ్మా పరిచర్య మాత్రము ఆ నిర్ణయముకొరకు ఆగలేదు.

ఆయన స్వీయచరిత్రము 1887లో అచ్చగునప్పుడు మతమును గూర్చిన కొన్ని కటువైన వాక్యములు ఆమె కోరికపై తీసివేయబడినవి. మనుమరాలు నోరా బార్లో 1958లో వానిని తిరిగి చేర్చెను. చరిత్రకారులకు ఇది నచ్చదు. విధవరాలి మనస్సు తెలిసినవారు ఆమెను కఠినముగా తూచరు.

డౌన్ దేవాలయపు ఆవరణలో సమాధి చేయబడుదునని చార్లెసు తలంచియుండెను గాని, దేశమాయనను వెస్ట్‌మినిస్టర్ ఆబీకి కొనిపోయెను. ఆ ఉత్సవమునకు ఎమ్మా వెళ్లలేదు. 1896 అక్టోబరు 2న ఆమె మరణింపగా, పసితనమున పోయిన ఇద్దరు బిడ్డలున్న డౌన్ ఆవరణలోనే ఆమెను పాతిపెట్టిరి.