డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల గ్రామములలో గర్భిణీస్త్రీలకు ప్రభుత్వ వైద్యశాలలయందు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు ఇచ్చుచుండుట మన విద్యార్థులలో పలువురు తమ యిండ్లలోనే చూచియుందురు. ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లమును తొలిసారిగా ప్రయోగశాలలో తయారుచేసిన పరిశోధకులకు నాయకత్వము వహించినవారు ఒక తెలుగువారని ఎరిగినవారు మాత్రము కొలదిమందియే. వారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. మనము తినిన అన్నము శరీరములో శక్తిగా నెట్లు మారును, కాలేయములో దాగియున్న ఔషధగుణమేమి, ప్రేవులు ఆహారమును గ్రహింపజాలక మనుష్యుడు క్షీణించుటకు నివారణయేమి అను ప్రశ్నలతోనే వారి జీవితమంతయు గడచినది.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రికి ఆరోగ్యము చెడి ఉద్యోగము విడువవలసివచ్చుటచే కుటుంబము మిక్కిలి ఇబ్బందుల పాలయ్యెను. బాలుడు సుబ్బారావు చదువుపై మనసు నిలువక, పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము సంపాదింపవలెనని బయలుదేరెను. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. ఐనను మెట్రిక్యులేషను పరీక్షలో అతడు రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెను. పరీక్ష తప్పి దిగులుపడు మన బాలురు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా వారి మనసు వైరాగ్యమువైపు తిరిగెను. రామకృష్ణ మఠములో చేరి సన్యాసము స్వీకరింపగోరిరి. తల్లి అందుల కెంతమాత్రమును సమ్మతింపలేదు. రోగులకు సేవచేయుటయు దైవసేవయే యను తలంపుతో వారు మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువునకు ధనసాహాయ్యము చేయగా, వారి కుమార్తె శేషగిరిగారిని 1919వ సంవత్సరము మే నెలలో వివాహమాడిరి. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వ్యాపించుచుండిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలకు సైతము ఖద్దరు వస్త్రము ధరించి వెళ్లిరి. అందువలన ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, పూర్తి పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసివచ్చెను.

ఆ కాలముననే వారి యింట గొప్ప విషాదము సంభవించెను. పురుషోత్తము, కృష్ణమూర్తి యను ఇరువురు సోదరులు కొద్ది దినముల యెడముతో ఒకే వ్యాధికి బలియైరి. అది ఉష్ణదేశములలో కనుపించు స్ప్రూ అను గ్రహణి వ్యాధి. ఇందు చిన్నప్రేవుల లోపలి పొర చెడిపోవును. రోగి ఎంత తినినను ఆహారములోని సారము రక్తములో చేరదు. నోరు పూయును, విరేచనములు మానవు, రక్తము క్షీణించును, దేహము ఎముకల గూడగును. కొంతకాలమునకు సుబ్బారావుగారికిని అదే జబ్బు సోకెను. వైద్యము చదివినవారికే పాశ్చాత్యవైద్యమున మందు లేకపోయెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు చేసిన ఆయుర్వేద చికిత్సవలన వారు బ్రదికి బయటపడిరి. పిమ్మట లక్ష్మీపతిగారి మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధింపసాగిరి. ఐనను తన సోదరులను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి కారణమేమి, దానికి మందేది అను చింత వారిని విడువలేదు.

ఉన్నతమైన పరిశోధన నేర్వవలెనను తలంపుతో వారు అమెరికాకు ప్రయాణమైరి. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థయు ఖర్చులకు తోడ్పడిరి. గర్భవతియైన భార్యను పుట్టింట నుంచి, కొలది సంవత్సరములలో తిరిగివత్తునని చెప్పి వెళ్లి, 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల పాఠశాలలో ప్రవేశము దొరికెను గాని జీవనోపాధి దొరకలేదు. మద్రాసు పట్టముతో అచ్చట వైద్యుడుగా పనిచేయుటకు వీలులేదు. కావున ఆస్పత్రిలో రాత్రివేళ కూలిగా కుదిరి, రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. వైద్యుడై యుండియు ఆ పనికి వారు సిగ్గుపడలేదు. ఇంతలో స్వదేశమున పుట్టిన కుమారుడు తండ్రి ముఖము చూడకయే శైశవమున మరణించెను.

తరువాత వారు జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునివద్ద చేరిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత యున్నదో కనుగొనుటకు ఆ కాలమున సులభమైన మార్గము లేదు. ఇరువురును కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపదగిన ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చినపుడు నీలిరంగు పుట్టును. రంగు ఎంత గాఢమో భాస్వరమంత హెచ్చు. ఫిస్కె–సుబ్బారావు పద్ధతియను పేరుతో ఇది లోకమంతట ప్రయోగశాలలలో వ్యాపించి, పలు తరముల విద్యార్థులకు పాఠమయ్యెను.

ఈ సాధనముతో వారు కండరములను పరీక్షింపగా క్రొత్త సంగతులు బయలువెడలెను. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. కండరము పనిచేయునపుడు ఇది విచ్ఛిన్నమై, విశ్రమించునపుడు మరల కూడుకొనును. 1929లో ఎ.టి.పి. యను మరియొక భాస్వరపదార్థమును ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను. మనము తినిన ఆహారము జీర్ణమై, కణములలో నెమ్మదిగా దహింపబడగా విడివడు శక్తి ఈ పదార్థములో నిలువచేయబడును. హృదయము కొట్టుకొనుటకును, మెదడు తలంచుటకును, కాలు కదలుటకును ప్రతి కణమును ఖర్చుపెట్టునది ఈ నిలువనే. కండరములు పనిచేయుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని చెప్పిన హిల్, మయర్‌హోఫ్ పండితులకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. ఈ క్రొత్త పరిశోధనలవలన ఆ సిద్ధాంతమును మార్చుకొనవలసివచ్చెను. సుబ్బారావుగారు 1930లో పి.హెచ్.డి. పట్టము పొందిరి. ఐనను హార్వర్డులో వారికి తగిన స్థిరమైన పదవి ఎన్నడును లభింపలేదు.

పిమ్మట వారి దృష్టి కాలేయముపై నిలిచెను. ప్రమాదకరమైన ఒక రక్తహీనతవలన అంతకుముందు రోగులు తప్పక మరణించుచుండిరి. జంతువుల కాలేయమును దినదినము తినిపించినచో వారు కోలుకొందురని బోస్టను వైద్యులు మైనట్, మర్ఫీగారలు 1926లో చూపిరి. విపుల్ గారితోపాటు వారికి 1934లో నోబెల్ బహుమానము వచ్చెను. అయితే కాలేయములో ఆ గుణము గల వస్తువేది? దానిని వేరుచేయుటకు సుబ్బారావుగారు ఏండ్లతరబడి శ్రమించిరి. 1940లో హార్వర్డును విడిచి, న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్ అనుచోట గల లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అనంతరము అచ్చట పరిశోధనాధిపతియైరి.

అంతకుమున్ను మన దేశములోనే, బొంబాయిలో, లూసీ విల్స్ అను వైద్యురాలు గర్భిణీలైన పేదస్త్రీల రక్తహీనతను పరీక్షించి, కాలేయమునందును ఈస్టు సారమునందును దానిని పోగొట్టు వస్తువొకటి యున్నదని 1931 నాటికే తెలిపియుండెను. పాలకూరలోను ఉండుటచే, ఆకు అను అర్థము గల లాటిను మాటనుబట్టి, దానికి 1941లో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టబడెను. మణుగులకొలది కాలేయమునుండియు రవంత మాత్రమే లభించుచుండిన ఆ వస్తువును సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. క్యూబా మొదలగు ఉష్ణదేశములలో స్ప్రూ రోగుల కది ఇయ్యగా, వారి నోటిపుండ్లు మానెను, ఆకలి పుట్టెను, రక్తము వృద్ధియయ్యెను. తన సోదరులను చంపిన వ్యాధికి, ఇరువదేండ్లకు పైగా గడచిన పిమ్మట, మందు చేతికి వచ్చెను!

ఐతే ఆ పాత రక్తహీనతకు ఇది పూర్తి నివారణ కాలేదు. రక్తము బాగుపడినను నరముల జబ్బు తగ్గలేదు. దానికి తగిన విటమిన్ బి12ను 1948లో ఇతర శాస్త్రజ్ఞులు కాలేయమునుండి వేరుచేసిరి. ఒకరు విడిచినచోట మరియొకరు అందుకొనుట శాస్త్రమునకు సహజము.

ఫోలిక్ ఆమ్లము కణములు వృద్ధినొందుటకు అవసరమైనచో, దానిని అడ్డగించు వస్తువుచే దుష్టకణముల వృద్ధిని ఆపరాదా? బోస్టనులో బాలుర రక్తక్యాన్సరుకు చికిత్స చేయుచుండిన డాక్టరు సిడ్నీ ఫార్బర్ కోరగా, లెడర్లీ వారు అమినాప్టెరిన్ అను మందు పంపిరి. పదునారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలమైనను వ్యాధి తగ్గినదని ఫార్బర్ 1948లో ప్రకటించెను. దానికి సోదరమైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకును కీళ్లవాతమునకును వాడబడుచున్నది. దీర్ఘకాలము వాడినచో కాలేయమునకే హాని కలుగవచ్చును గనుక వైద్యులు తరచు రక్తపరీక్ష చేయింతురు.

బోదకాలు వ్యాధికి కారణమైన పురుగుల పిల్లలను రక్తమునందు చంపు హెట్రజాన్ అను మందును ఆ ప్రయోగశాలలోనే 1947లో వెలువడెను. డి.ఇ.సి. మాత్రలని మన దేశమున పంచిపెట్టబడునవి ఇవియే. అచ్చటనే వృద్ధశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మంటిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనగా, అది 1948లో ప్రకటింపబడెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది ఇదియే. నేడు స్ప్రూ రోగులకు వైద్యులు ఫోలిక్ ఆమ్లముతోపాటు ఆ జాతి మందునే ఇచ్చుచున్నారు. ఆ రెండు మార్గములును సుబ్బారావుగారి ప్రయోగశాలనుండియే తెరువబడినవి.

అదే 1948వ సంవత్సరము ఆగష్టు నెలలో, ఏబదిమూడేండ్ల వయసుననే, వారు నిద్రలో హృదయము ఆగి మరణించిరి. వారు మరల స్వదేశమునకు రాలేదు. శేషగిరిగారు పెనిమిటికై ఇరువదియారేండ్లు ఎదురుచూచిరి. లోకమునకు కలిగిన ఆ మేలులో ఆమె చెల్లించిన మూల్యమును మనము మరువరాదు. జీవితకాలమున గొప్ప బహుమానమేదియు వారికి రాలేదు. తరువాత శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టిరి. శతజయంతి సందర్భమున 1995లో భారత తపాలాశాఖ వారి చిత్రముతో బిళ్ల వెలువరించెను.

ప్రియ విద్యార్థులారా, సుబ్బారావుగారికి ఇయ్యబడిన తలాంతులలో దుఃఖము కూడ ఒకటి. దానిని వారు భూమిలో పాతిపెట్టక, అన్యుల దుఃఖనివారణకై వినియోగించిరి. పరీక్ష తప్పినను, కూలిపని చేయవలసివచ్చినను, పదవి దొరకకపోయినను ప్రశ్నను మాత్రము వారు విడువలేదు. మీ యింట ఎవరికైన జబ్బుచేసి, మందు లేదని పెద్దలు నిట్టూర్చినపుడు, ఎందుకు లేదని అడుగుట నేర్చుకొనుడు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకువాడు మన పాఠశాలనుండియే బయలుదేరునుగాక!