ల్యాపునోవ్

సికిందరాబాదు నుండి మెట్టుగూడ మీదుగా తార్నాకకు పోయినచో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము కనబడును. అచట 1957లో డాక్టరు పట్టము నందిన తెలుగు గణితవేత్త వి. లక్ష్మీకాంతం పిమ్మట స్థిరత్వ సిద్ధాంతమునకు ఎంతో సేవచేసెను. ఆ సిద్ధాంతమునకు మూలపురుషుడు అలెగ్జాండర్ ల్యాపునోవ్ అను రష్యా దేశీయుడు.

ల్యాపునోవ్ 1857లో యారోస్లావ్ల్ నగరమున జన్మించెను. పదునొకండవ యేటనే ఖగోళ శాస్త్రజ్ఞుడైన తండ్రిని గోల్పోయెను. పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమున చెబిషెవ్ ఆయనకు గురువు. 1882లో గురువు ఒక కఠినసమస్య నొసగెను: అండాకృతితో తిరుగుచున్న ద్రవరాశి వేగము కొంచెము హెచ్చినచో మరియొక నూతనాకృతిని తాల్చునా? ఎంత శ్రమించినను అది తెగలేదు. అంత ల్యాపునోవ్ ప్రశ్ననే మార్చుకొని, తెలిసిన ఆకృతులలో ఏవి నిలుచును, ఏవి చెదరును అని విచారింప దొడగెను. ఆ విచారమే పెరిగి, ఖార్కొవ్‌లో బోధించుచుండగా 1892లో చలన స్థిరత్వమును గూర్చిన మహాగ్రంథమయ్యెను.

అందలి ఉపాయము మిక్కిలి సులభమైనది. గిన్నెలో దొర్లించిన గోలీ కడకు అడుగుననే నిలుచును. దాని మార్గమంతయు లెక్కింప నక్కరలేదు. రాపిడివలన దాని శక్తి తరుగుచున్నదని చూపిన చాలును. అట్లు తరుగు రాశికే నేడు ల్యాపునోవ్ ప్రమేయమని పేరు.

నియమములు మారుచుండు యంత్రములలో వేరొక చిక్కు కలదు. అట్లతద్ది ఉయ్యాలను తలచుకొనుడు. ఊగు బాలిక కూర్చుండియే యున్నను, నిలుచుండియే యున్నను ఉయ్యాల క్రమముగా ఆగును. అదను చూచి లేచుచు, కూర్చుండుచు నున్నచో అంతకంతకు పైకెగయును! ఏ స్థితికాస్థితి క్షేమమే, మార్పులోనే అపాయము. అన్ని స్థితులయందును తరుగు ఒకే ప్రమేయము దొరకినచో ఎట్లు మార్చినను భయము లేదు. ఉయ్యాలకు అట్టిది దొరకదు.

1894లో గురువు గతించెను. శిష్యుడు ఆ సమస్యను మరువలేదు. 1902లో పీటర్స్‌బర్గుకు మరలి, నూతనాకృతులు కలవని నిరూపించెను. వానిలో బేరిపండు వంటి ఆకృతి స్థిరమని ఇంగ్లండున జార్జి డార్విన్ వాదింపగా, కాదని ల్యాపునోవ్ లెక్కగట్టెను. కాలక్రమమున ల్యాపునోవ్ మాటయే నిలిచినది.

భార్య నటాలియాకు క్షయ ముదురుటచే 1917లో దంపతులు ఒడెస్సాకు పోయిరి. 1918 అక్టోబరు 31న ఆమె మరణించెను. ఆ శోకమునకు తాళలేక నవంబరు 3న ఆయనయు తనువు చాలించెను. ద్రవరాశుల ఆకృతులపై ఆయన విడిచిపోయిన వ్రాతప్రతి 1925, 1927 సంవత్సరములలో రెండు భాగములుగా అచ్చుపడెను.