అడగడం నేర్చుకున్నారు.. అడగడం నేర్పారు

చెన్నైలో అడయారు వైపు వెళ్లేవాళ్లకు డాక్టర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు తెలుసు. ఆంధ్ర మహిళా సభ ఆస్పత్రి కూడా తెలుసు. వెళ్తాం, చీటీ రాయించుకుంటాం, మందులు తీసుకుని బస్సెక్కేస్తాం. ఆ గోడలు ఎలా లేచాయో అడిగేవాళ్లు తక్కువ. గోడలు లేవాలంటే డబ్బు కావాలి కదా! ఆ డబ్బు ఎవరు అడిగారు, ఎలా అడిగారు?

దుర్గాబాయి పేరెత్తగానే స్వాతంత్య్ర సమరయోధురాలు, రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘం సభ్యురాలు అంటూ వరుసగా చదివేస్తారు. ఆమెలో ఒక గట్టి చందాల మనిషి ఉన్నారన్న సంగతి మాత్రం వెనకబడిపోతుంది. చందాలు అడగడం మనలో కొందరికి చిన్నతనంగా కనిపిస్తుంది కాబట్టి కావచ్చు. ఆమెకు మాత్రం అదొక విద్య. పన్నెండేళ్ల వయసులో మొదలుపెట్టారు, చివరిదాకా వదల్లేదు. తాను నేర్చుకున్నది పదిమంది చేతుల్లో పెట్టడం కూడా మానలేదు.

కాకినాడలో అయిదు వేలు

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిలో ఉండలేనని చెప్పి బయటకు వచ్చేశారు. తండ్రి, తమ్ముడు అండగా నిలిచారు. హిందీ నేర్చుకుని ఇంట్లోనే ఆడపిల్లలకు చెప్పడం మొదలుపెట్టారు. చదువు చెప్పే ఆ అమ్మాయి ఇంకా పరికిణీ వయసులోనే ఉంది.

1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి జూన్ 30లోగా కోటి రూపాయలు పోగుచేయాలని అక్కడే తీర్మానించారు. ఆ వెంటనే గాంధీజీ కాకినాడ వచ్చారు. ఊళ్లో పెద్ద సభ పెట్టారు. దుర్గకు మరో ఆలోచన వచ్చింది. దేవదాసీ స్త్రీలు, పరదా వదలని ముస్లిం స్త్రీలు ఆ పెద్ద సభకు రాలేరు. వాళ్లతో గాంధీజీ విడిగా మాట్లాడాలి.

ఈ కథ ఆమె ఆత్మకథలో ఉంది. స్థానిక పెద్దలను అడిగితే, నిధికి అయిదు వేల రూపాయలు తెస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారట. చిన్నపిల్ల ఎలాగూ తేలేదు, పీడా వదులుతుంది అనుకుని ఉంటారు. 1921లో అయిదు వేలంటే మాటలు కాదు మరి!

దుర్గ జమీందార్ల ఇళ్ల చుట్టూ తిరగలేదు. నేరుగా దేవదాసీల దగ్గరికే వెళ్లింది. సభ ఎవరి కోసమో వాళ్లనే అడిగింది. ఊరంతా చిన్నచూపు చూసే ఆడవాళ్లే ఆ డబ్బు సమకూర్చారు. సభకు చోటు కావాల్సి వస్తే బడి ఆవరణ అడిగి తీసుకుంది. రైల్వేస్టేషన్ నుంచి పెద్ద సభకు పోయే దారిలోనే ఆ బడి. గాంధీజీ దారి తప్పక్కర్లేదు, పెద్దలకు సాకు దొరకదు. చందాలు పోగుచేసే పనిలో తలపండినవాళ్లకు కూడా ఈ ముందుచూపు అన్నిసార్లూ ఉండదు.

గాంధీజీ వచ్చారు. అయిదు నిమిషాలు అరగంట దాటింది. ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ముందు పెట్టారు. మొత్తం పాతిక వేల రూపాయల దాకా వచ్చిందని చెబుతారు. తర్వాత పెద్ద సభలో ఆయన ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పేందుకు కొండా వెంకటప్పయ్య పంతులు సిద్ధంగా ఉంటే, గాంధీజీ ఆ పని దుర్గకే అప్పగించారు. చందా తెచ్చిన పిల్ల వేదిక ఎక్కింది. అన్నట్టు, ఆ కోటి రూపాయల నిధి కూడా గడువులోగా పూర్తయింది.

రెండణాల టికెట్టు

ఈ ముచ్చట చాలామందికి తెలిసిందే. 1923 డిసెంబరులో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అప్పటికి దుర్గ హిందీ బడి పెద్దదైంది. అక్కడ నేర్చుకున్న ఆడవాళ్లు మహాసభల్లో వాలంటీర్లుగా పనిచేశారు. పక్కనే ఖాదీ ప్రదర్శన పెట్టారు. లోపలికి వెళ్లాలంటే రెండణాల టికెట్టు. గుమ్మం దగ్గర కాపలా దుర్గది. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్టు లేదు. దుర్గ ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి కోప్పడినా కదల్లేదు. వాళ్లు టికెట్టు కొనిచ్చాకే ఆయన లోపలికి వెళ్లారు.

దీన్ని ధైర్యానికి ఉదాహరణగా పిల్లల పుస్తకాల్లో వేస్తారు. ధైర్యం సరే. నాకైతే ఇందులో పద్దుల క్రమశిక్షణ కనిపిస్తుంది. పెద్దమనిషి కదా అని ఒకరిని ఊరికే వదిలితే, రెండణాలు చెల్లించి వచ్చిన మామూలు మనిషి ఏమనుకుంటాడు? చందాల పనిలో పుట్టే తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయి. మనోళ్ల దగ్గర రసీదు ఎందుకు, ఆయన పేరు మీద రాసేసుకోండి, తర్వాత ఇస్తారు.. ఇలాంటివి. సంఘాల్లో తిరిగినవాళ్లకు ఇంకా చెప్పక్కర్లేదు.

జైలు నుంచి కాలేజీకి

1930లో ఉప్పు సత్యాగ్రహం కోసం మద్రాసు వెళ్లారు. అరెస్టయ్యారు. మొత్తం మూడుసార్లు జైలు. వెల్లూరులో, మదురైలో గడిపిన రోజులు ఆమె మనసు మార్చేశాయి. చట్టం తెలియక, చదువు లేక, చేయని నేరాలు కూడా ఒప్పుకుని శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లను అక్కడ చూశారు. బయటకు రాగానే రాజకీయాలు పక్కనపెట్టి చదువులో పడ్డారు. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసయ్యారు. తర్వాత వాల్తేరు వెళ్లారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు కష్టమన్నారు. ఆమె బతిమాలుకుంటూ కూర్చోలేదు. చదవాలని ఉండి హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ఉంటే రాయమని పత్రికలో ప్రకటన వేశారు. కొందరు రాశారు. వాళ్లను కూడగట్టి హాస్టల్ తామే నడుపుకుంటామని చూపించారు. సీటు వచ్చింది. కాకినాడ బడి ఆవరణలో చేసిన పనే ఇది. అవసరం ఉన్నవాళ్లను ముందు కలుపుకోవాలి, ఆ తర్వాత పెద్దవాళ్ల తలుపు తట్టాలి. 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకుని కోర్టుకు వెళ్లడం మొదలుపెట్టారు.

మైలాపూరు నుంచి మహిళా సభ

చదువు సాగుతుండగానే 1937 ప్రాంతంలో మద్రాసు మైలాపూరులో చిన్న పిల్లల సంఘం ఒకటి పెట్టారు. పాటలు, ఆటలు, హిందీ.. అంతే. ఆంధ్ర మహిళా సభ దాన్నుంచే పుట్టింది. మద్రాసు అప్పటికి తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. అలాగని అన్నీ అందుబాటులోనూ లేవు. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, మధ్యలో చదువు ఆగిపోయినవాళ్లు తెలుగు జిల్లాల నుంచి అక్కడికి వచ్చేవారు. తాను కాశీ మెట్రిక్ ప్రైవేటుగా రాసి పాసయ్యారు కాబట్టి వాళ్లకూ అదే దారి చూపించారు. తక్కువ కాలంలో పరీక్షకు తయారుచేసే తరగతులు పెట్టారు. తర్వాత చేతిపనులు, టీచర్ శిక్షణ, నర్సింగ్, ఆస్పత్రి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. పోలియో పిల్లల కోసం ఎముకల వైద్య కేంద్రం కూడా వచ్చింది.

ఇందులో గమనించాల్సిందేమిటంటే, ఆమె ముందు పని మొదలుపెట్టి తర్వాత చెయ్యి చాచారు. ఖాళీ స్థలం చూపించి ఇక్కడ భవనం వస్తుంది, ఇవ్వండి అంటే ఎవరిస్తారు? పది మంది ఆడవాళ్లు పుస్తకాలు పట్టుకుని కూర్చున్న గది చూపిస్తే ఇచ్చేవాడి చెయ్యి వణకదు. రెండోది పత్రిక. ఆంధ్ర మహిళ పేరుతో పత్రిక తెచ్చి తానే సంపాదకత్వం చేశారు. ఒకసారి ఇచ్చినవాళ్లకు మళ్లీ అడిగేదాకా కబురే ఉండకపోవడం చాలా సంస్థలకున్న జబ్బు. నెలనెలా చేతికందే పత్రిక ఉంటే ఆ బాధ ఉండదు.

మూడోది, సభలో చదువుకుని బయటికెళ్లిన ఆడవాళ్లు. టీచర్లుగా, నర్సులుగా, సంస్థల కార్యకర్తలుగా ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. సభ ఏం చేస్తుందో వాళ్లను చూస్తేనే తెలిసేది.

నాలుగు కోట్లు ఎవరికి?

రాజ్యాంగ సభలో ఆమె పని గురించి వేరేగా రాయాలి, అది ఇక్కడ ఇమడదు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె అని చెప్పి ముందుకు పోదాం. తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓడిపోయారు. 1952లో నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. టికెట్టు లేదని ఆపిన పిల్లే! అక్కడే ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో పరిచయం. ఆయనది మహారాష్ట్ర, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు. 1953 జనవరిలో పెళ్లి చేసుకున్నారు. సాక్షుల్లో నెహ్రూ ఒకరు.

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయం కోసం నాలుగు కోట్ల రూపాయలు పెట్టించారు. ఆ డబ్బు పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి. ముప్పయ్యేళ్లకు పైగా అడుగుతూ వచ్చిన మనిషి ఇప్పుడు ఇచ్చే కుర్చీలో కూర్చున్నారు.

దేశంలో ఎన్ని సంస్థలున్నాయి, ఎవరు ఏం చేస్తున్నారు, ఎవరి లెక్కలు నిజం.. ఒక్కచోట తెలిసే వీలు అప్పట్లో లేదు. అనాథాశ్రమం నడిపే పెద్దాయనకు పిల్లల్ని సాకడం వచ్చు, దరఖాస్తు రాయడం రాదు. ఇంకొకరికి దరఖాస్తు బాగా వచ్చు, ఆశ్రమమే ఉండదు. తేడా పట్టాలంటే వెళ్లి చూడాలి. రాష్ట్రాల్లోనూ బోర్డులు పెట్టించి, స్థానికంగా సేవలో ఉన్న ఆడవాళ్లను వాటిలోకి తెచ్చారు. అప్పటిదాకా విరాళాల పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్లే ఇతరుల దరఖాస్తులు చదవాల్సి వచ్చింది. ఎదుటివాళ్ల దరఖాస్తు చదివితేనే తన దరఖాస్తులో లోపం తెలుస్తుంది. ఇంతకన్నా మంచి శిక్షణ ఏముంటుంది?

డబ్బంతా ఢిల్లీయే ఇవ్వడం ఆమెకు ఇష్టం లేదు. గ్రాంటు తీసుకునే సంస్థ తన వంతు తాను పోగుచేసుకోవాలి. 1954లో పల్లెల్లో మొదలైన సంక్షేమ విస్తరణ ప్రాజెక్టుల్లోనూ ఊరివాళ్ల వంతు పెట్టారు. దీని మీద గొణిగినవాళ్లు ఉండే ఉంటారు. బీద ఊళ్లు ఎక్కడ తెస్తాయన్నది న్యాయమైన ప్రశ్నే. పెద్ద ఊళ్లలో పలుకుబడి ఉన్న సంస్థలకు వంతు తేలిగ్గా దొరుకుతుంది, మారుమూల దొరకదు. ఆ ఇబ్బంది ఆ పద్ధతిలో ఉన్నదే. కానీ ఊరు ఇచ్చిన నాలుగు రూపాయలు ఊరిని ఆ బాలవాడీకి కాపలా పెడతాయన్నది కూడా నిజం. దేవదాసీల చేతే అయిదు వేలు పెట్టించిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

1958లో బోర్డు ద్వారా పెద్ద వయసు ఆడవాళ్లకు తక్కువ కాలపు చదువుల పథకం తెచ్చారు. మైలాపూరులో పుట్టిన తరగతులే దేశమంతా పరుచుకున్నాయి. ఒకచోట పనికొచ్చిన దాన్ని తన సంస్థకే దాచుకోకుండా అందరికీ పంచారు. మన సంఘాల్లో అరుదుగా కనిపించేది ఇదే. హోసూరు కానీయండి, బళ్లారి కానీయండి, బరంపురం కానీయండి.. ఏ తెలుగు సంఘంలోనైనా చందాలకు వెళ్లే మనిషి ఒక్కరే ఉంటారు. ఎవరింటికి ఏ వేళకు వెళ్లాలో, ఎవరిని ఎంత అడగాలో అంతా ఆయన బుర్రలోనే. ఆయన మంచాన పడితే ఆ ఏడాది ఉగాది పందిరి కూడా చిన్నదవుతుంది. ఆయన పక్కన ఇద్దరు కుర్రాళ్లను తిప్పి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

రాళ్ల కథ

1962 తర్వాత బోర్డు వదిలారు. సామాజికాభివృద్ధి మండలి పెట్టారు. హైదరాబాద్‌లోనూ ఆంధ్ర మహిళా సభను పెంచారు. కాలేజీ, ఆస్పత్రి, అక్షరాస్యత పని.. ప్రతిదానికీ మళ్లీ అడగడమే. అప్పటికి దేశమంతా తెలిసిన పేరు, అయినా పేరు చెప్పి కూర్చోలేదు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది.

చివరి రోజుల్లో మహిళా సభ చరిత్రను పుస్తకంగా తెచ్చారు. ది స్టోన్ దట్ స్పీకెత్ దాని పేరు. మాట్లాడే రాయి అని చెప్పుకోవచ్చు. ఆత్మకథ చింతామణ్ అండ్ ఐ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. ఒకదాంట్లో సంస్థ ఎలా పెరిగిందో ఉంది, ఇంకోదాంట్లో కాకినాడ అయిదు వేల కథ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే చందాలకు బయల్దేరే కుర్రవాళ్లకు ఒక ఏడాది అనుభవం దొరుకుతుంది.

1981 మే 9న కన్నుమూశారు. మరుసటి ఏడాది చింతామణ్ దేశ్‌ముఖ్ కూడా వెళ్లిపోయారు. ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషన్‌కు ఆమె పేరు పెట్టారు. చెన్నైలో రోడ్డు సరేసరి, ఆస్పత్రి ఆ రోడ్డు మీదే ఉంది.