శుక్రవారం రాత్రి నవ్వుల వెనుక ఒక వ్యంగ్యకారుడు: శరద్ జోషీ

1984లో మన దేశంలో అత్యధిక ప్రాంతాలకు టెలివిజన్ అంటే దూరదర్శన్ ఒక్కటే. నచ్చకపోతే మరో చానల్‌కు మారే వెసులుబాటు లేదు. ఆ ఏడాది ట్రాన్స్‌మిటర్లు వేగంగా విస్తరించి, చిన్న పట్టణాలకు కూడా జాతీయ కార్యక్రమం అందసాగింది. వీధిలో ఒకరింట్లో టీవీ ఉంటే ఇరుగుపొరుగు పిల్లలంతా ఆ ఇంటి చాప మీదే. అలాంటి రోజుల్లో శుక్రవారం రాత్రుళ్లు 'యే జో హై జిందగీ' అనే హాస్య ధారావాహిక మొదలయింది. హిందీ అంతంత మాత్రంగా తెలిసిన తెలుగు ఇళ్లలోనూ దానిని చూసి నవ్వినవారు ఎందరో. నా తరం వారికి ఆ నవ్వులు గుర్తుండే ఉంటాయి. తెర మీది నటుల పేర్లు తెలిసినంతగా, ఆ నవ్వుల వెనుక ఉన్న రచయిత పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆయనే శరద్ జోషీ.

హిందీ సాహిత్యంలో అప్పటికే ఆయన పేరుమోసిన వ్యంగ్య రచయిత. మంత్రులను, అధికారులను, మేధావులను మూడు దశాబ్దాలుగా చురకలు వేస్తున్న మనిషి. అటువంటివాడు మధ్యతరగతి దంపతుల ఇంటి ముచ్చట్లను ప్రభుత్వ టెలివిజన్‌కు రాయడం ఎదుగుదలా, దిగుడా అన్న ప్రశ్న ఆయన జీవితకాలంలోనే వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఆయన జీవితాన్ని మొదటినుంచీ చూడాలి.

శరద్ జోషీ 1931 మే 21న మధ్యప్రదేశ్‌లోని ఉజ్జయినిలో జన్మించారు. తండ్రి శ్రీనివాస్, తల్లి శాంతి. ఇద్దరు కుమారులు, నలుగురు కుమార్తెలు ఉన్న ఇంట్లో ఆయన రెండో సంతానం. రచనా వ్యాసంగం 1950ల ఆరంభంలో ఇండోర్‌లో మొదలయింది. పత్రికలకు రాస్తూ, రేడియోకు పనిచేస్తూ గడిపిన ఆ రోజుల్లోనే ఇర్ఫానా సిద్దీఖీ పరిచయమయ్యారు. ఆమెది భోపాల్. రచయిత్రి, రేడియో కళాకారిణి, రంగస్థల నటి. బ్రాహ్మణ కుటుంబపు యువకుడు, ముస్లిం యువతి 1950ల మధ్యభారతంలో పెళ్లి చేసుకోవడం ఎంతటి సాహసమో వివరించనక్కరలేదు. వారికి ముగ్గురు కుమార్తెలు. లోకం ఏమనుకుంటుందోనన్న బెదురు మనుషులను ఎట్లా మెలికలు తిప్పుతుందో జోషీ జీవితమంతా రాశారు. ఆ బెదురుకు తాము లొంగని దంపతులు వారిద్దరూ.

ఆయన కొన్నేళ్లు మధ్యప్రదేశ్ ప్రభుత్వ సమాచార శాఖలో ఉద్యోగం చేశారు. ఫైళ్ల నడక, పర్యటనల తంతు, సంతకానికీ సంతకానికీ మధ్య గడిచిపోయే కాలం అక్కడ దగ్గరగా చూశారు. చివరకు ఆ ఉద్యోగం వదిలి, కలం మీదే బతుకు వెళ్లదీయాలని నిర్ణయించుకున్నారు. నెల జీతం వచ్చే ప్రభుత్వ కొలువును వ్యంగ్య రచన కోసం వదులుకోవడం హిందీలోనే కాదు, ఏ భారతీయ భాషలోనైనా అరుదే. ఆ తరువాత ఆయన చేసిన ప్రతి పనికీ, సినిమాకైనా టీవీకైనా, ఈ నిర్ణయం నేపథ్యంగా ఉంటుంది. ఇల్లు గడవాలి. అయినా రాత నాసిరకం కాకూడదు.

1971లో వెలువడిన 'జీప్ పర్ సవార్ ఇల్లియాఁ' సంపుటం ఆయన దృష్టి ఎలాంటిదో చూపిస్తుంది. శనగ పంటకు పురుగు పట్టిందని వార్త వస్తుంది. పరిశీలనకు అధికారులు జీపులో బయలుదేరుతారు. పొలంలో దిగి, పచ్చి శనగలు తింటూ, పురుగుల సంగతి ముచ్చటించుకుంటూ, మరికొన్ని మోపులు జీపులో వేయించుకుని తిరిగి వస్తారు. అసలు పురుగులు ఎక్కడున్నాయో పాఠకుడికి అర్థమవుతుంది. రచయిత ఎక్కడా గొంతు పెంచడు. అధికారులలో ఎవరూ దుర్మార్గులుగా కనిపించరు. వారు చేస్తున్నది వారికి పూర్తిగా సహజంగా తోస్తుంది. నవ్వు పుట్టేది అక్కడే.

'ఏక్ థా గధా ఉర్ఫ్ అలాదాద్ ఖాన్' నాటకంలో ఈ పద్ధతి మరింత దూరం వెళుతుంది. సామాన్యులంటే తనకెంత ప్రేమో చాటుకోవడానికి ఒక నవాబు మార్గం వెతుకుతుంటాడు. అలాదాద్ ఖాన్ చనిపోయాడని వింటాడు. అతని శవయాత్రలో తానే భుజం పడతానని ప్రకటిస్తాడు. ఏర్పాట్లు జరిగిపోతాయి. తీరా చూస్తే చనిపోయింది ఒక చాకలివాని గాడిద, దాని పేరు అలాదాద్ ఖాన్. ప్రకటన వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. అందుకని అదే పేరున్న ఒక అమాయకుణ్ణి వెతికి పట్టుకుని చంపుతారు. మొదటి సగంలో పగలబడి నవ్విన ప్రేక్షకుడు చివరకు గొంతులో ఏదో అడ్డుపడినట్టు కూర్చుండిపోతాడు. హిందీ రంగస్థలం మీద ఎన్నో బృందాలు మళ్లీ మళ్లీ ఆడిన నాటకం ఇది.

ఈ రెండింటిలోనూ ఒక సూత్రం ఉంది. ఒకరు ఒక మాట అనేస్తారు, లేదా ఒక వేషం వేసేస్తారు. ఆ తరువాత దాని నుంచి బయటపడలేరు. బయటపడాలని చేసే ప్రతి ప్రయత్నమూ మరింత లోతుకు లాగుతుంది. చమత్కారపు మాటలు పైపూత మాత్రమే, నవ్వించేది ఆ చిక్కు. దీనినే సన్నివేశ హాస్యం అంటాం. టెలివిజన్ పరిభాషలో సిట్‌కామ్ అన్న పేరులో ఉన్నదీ ఆ సన్నివేశమే.

జోషీ శ్రోతలను ఎదురుగా చూస్తూ నేర్చుకున్న విద్య ఇంకొకటి ఉంది. ఉత్తరాదిలో కవిసమ్మేళనాలు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. అక్కడ పాట, పద్యం, ప్రాస నడుస్తాయి. వచనం చదివితే జనం లేచిపోతారన్నది నమ్మకం. జోషీ ఆ వేదికల మీద తన వ్యంగ్య వచనాన్నే చదివి, వేల మందిని కూర్చోబెట్టారు. ఏ వాక్యం దగ్గర ఆగాలి, నవ్వు ఎంతసేపు సాగనివ్వాలి, ఏ మాట ముందు చెబితే తరువాతి మాట చచ్చిపోతుంది అన్నవి పుస్తకాలలో దొరికే పాఠాలు కావు. మైకు ముందు నిలబడిన వారికి ఈ సంగతి బాగా తెలుసు. చదువుతున్నప్పుడు తాను నవ్వకపోవడం ఆ విద్యలో మొదటి నియమం.

బొంబాయి ఆయనను సినిమాకు తీసుకువెళ్లింది. 1970ల మధ్యలో బాసు చటర్జీ దర్శకత్వంలో వచ్చిన 'ఛోటీ సీ బాత్'కు సంభాషణలు ఆయనవే. బస్‌స్టాపులో రోజూ కనిపించే అమ్మాయికి తన మనసు చెప్పలేని బిడియస్తుడు కథానాయకుడు. అమోల్ పాలేకర్ ఆ పాత్ర వేశారు. స్కూటరున్న ఆత్మవిశ్వాసి అస్రానీ ముందు అతను ప్రతిసారీ చిన్నబోతాడు. ఇక్కడా అదే సూత్రం: లోపల ఉన్నది పైకి రాదు. కాకపోతే ఈసారి ఎవరూ చావరు, చివరకు పెళ్లికి దారి దొరుకుతుంది. గిరీశ్ కర్నాడ్ దర్శకత్వం వహించిన 'ఉత్సవ్', ఆయన చివరి ఏట విడుదలైన 'దిల్ హై కే మాన్తా నహీఁ' కూడా జోషీ సంభాషణలు రాసిన చిత్రాలే.

'యే జో హై జిందగీ' దర్శకులలో ఒకరైన కుందన్ షా, అంతకు ఏడాది ముందే 'జానే భీ దో యారో' తీశారు. అవినీతి మీద అంతకన్నా కరకు హాస్య చిత్రం హిందీలో అరుదు. అందులో శవం పాత్ర వేసి నవ్వించిన సతీశ్ షా, ఈ సీరియల్‌లో వారానికొక కొత్త పాత్రలో కనిపించేవారు. షఫీ ఇనామ్‌దార్, స్వరూప్ సంపత్ దంపతులు. రాకేశ్ బేదీ భార్య తమ్ముడు, పనీపాటా లేకుండా అక్క ఇంట్లో మకాం. శీర్షిక గీతం కిశోర్ కుమార్ గళం. అంతే సరంజామా. కథ అంటూ పెద్దగా ఉండదు. అబద్ధం ఒకటి, దానిని కప్పిపుచ్చడానికి ఇంకొకటి, వేళ కాని వేళ తలుపు తట్టే మనిషి. హిందీ సగమే అర్థమయిన మనవాళ్లు కూడా ఎందుకు నవ్వారంటే, భర్త ముఖంలోని ఇరకాటానికి అనువాదం అక్కరలేదు గనుక.

అభ్యంతరాలు లేకపోలేదు. హిందీ సాహిత్యంలో హాస్యం వేరు, వ్యంగ్యం వేరు అన్న విభజన బలంగా ఉంది. వ్యంగ్యానిది సమాజాన్ని నిలదీసే పని, హాస్యానిది కాలక్షేపం అన్నది దాని సారాంశం. జోషీని ఎప్పుడూ సాటి మధ్యప్రదేశ్ రచయిత హరిశంకర్ పర్సాయీతో పోల్చేవారు. పర్సాయీ రచనలో రాజకీయ దృక్పథం సూటిగా ఉంటుంది. ఆయన తూకంలో వేస్తే జోషీ తేలిక అన్నవారున్నారు. టీవీ సీరియల్ వారి చేతికి మరో సాక్ష్యం. తెలుగులోనూ కాంతం కథలకు మురిసే పాఠకుడూ, కన్యాశుల్కంలోని ఎత్తిపొడుపులే హాస్యమనే పాఠకుడూ ఒకరి అభిరుచిని ఒకరు ఒప్పుకోరు.

ఆ విమర్శలో కొంత నిజముంది. నవాబును నవ్వులపాలు చేసిన కలం, ప్రభుత్వ అధీనంలోని దూరదర్శన్‌లో మంత్రి జోలికి పోలేదు. ఆ హద్దు ఎంతటిదో ప్రసార సంస్థలలో పనిచేసే వారికి వేరే చెప్పక్కరలేదు. అన్ని భాగాలూ ఒకే స్థాయిలో లేవు కూడా. కొన్ని చోట్ల నటుల హడావుడే రచనను మోసింది. అయితే ఒక్క చానల్ ఉన్న రోజుల్లో ఆ రచయిత ముందున్న పని మరొకటి. తాత, మనవడు, కోడలు, ఇంటికొచ్చిన చుట్టం ఒకే గదిలో, ఒకే సమయానికి నవ్వాలి. ఎవరూ ముఖం చాటేసుకోకూడదు. వేర్వేరు అభిరుచులకు వేర్వేరు కార్యక్రమాలు ఇచ్చే అవకాశం అప్పుడు లేదు. అందరికీ అనుభవంలో ఉన్న ఇరకాటాన్ని వెతికి పట్టుకోవడం తప్ప గత్యంతరం లేదు. అది వ్యంగ్యం కన్నా సులువైన పని అని నాకు తోచదు.

పైగా ఆయనలోని వ్యంగ్యకారుడూ, గృహస్థ హాస్యకారుడూ వేరు కారనడానికి ఒక చిన్న వ్యాసం చాలు. 'అతిథి! తుమ్ కబ్ జావోగే' అన్నది దాని పేరు. తొమ్మిదో తరగతి హిందీ పాఠ్యపుస్తకం 'స్పర్శ్' ద్వారా లక్షల మంది విద్యార్థులు దీనిని చదివారు. ఇంటికి వచ్చిన అతిథి నాలుగు రోజులైనా కదలడు. మొదటి రాత్రి రెండు కూరలు, రాయితా, మిఠాయితో విందు. మూడో నాడు అతిథి తన బట్టలు చాకలికి వేయాలంటాడు. గృహస్థు గుండె జారిపోతుంది. అతని ఎదుటే క్యాలెండర్‌లో తేదీ మారుస్తాడు, ఫలితం ఉండదు. భోజనం కిచిడీకి దిగుతుంది. వెళ్లిపొమ్మన్న మాట మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే అతిథి దేవుడు. నవాబు తన ప్రకటనలో చిక్కుకున్నట్టే ఈ గృహస్థు తన మర్యాదలో చిక్కుకున్నాడు. ఒకచోట ఖరీదు ఒక ప్రాణం, మరొకచోట నాలుగు రోజుల పచారీ సామాను.

టీవీకి 'వాహ్ జనాబ్' వంటి మరికొన్ని ధారావాహికలు రాస్తూనే, 1985 నుంచి నవభారత్ టైమ్స్ దినపత్రికలో 'ప్రతిదిన్' శీర్షిక నిర్వహించారు. పేరుకు తగినట్టు అది రోజువారీ రచన. తెర మీద అనలేనిది మర్నాడు పత్రికలో అనేవారు. పత్రిక అందగానే ముందు ఆ శీర్షిక చదివే పాఠకులు ఏర్పడ్డారు. 1990లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. ప్రభుత్వాలను ఎగతాళి చేస్తూనే ఆ గౌరవం అందుకున్నారు.

1991 సెప్టెంబరు 5న ముంబయిలో శరద్ జోషీ కన్నుమూశారు. వయసు అరవై. మరో ఏడాదికి ఉపగ్రహ చానళ్లు ఇళ్లలోకి వచ్చాయి. గదికొక టీవీ, మనిషికొక కార్యక్రమం అన్న కాలం మొదలయింది.

ఆయన పోయిన పద్దెనిమిదేళ్లకు, 2009లో, సబ్ టీవీ 'లాపతాగంజ్' అనే హాస్య ధారావాహిక ప్రారంభించింది. చిరునామా లేని ఒక ఊహా పట్టణం, అందులో ఒక చిరుద్యోగి ముకుందీలాల్, అతని ఇల్లు, అతని ఆఫీసు. ఆ కథలకు ఆధారం జోషీ రచనలు. నటుల పేర్లతో సీరియళ్లు అమ్ముకునే రోజుల్లో, ఆ చానల్ సీరియల్ పేరు పక్కనే శరద్ జోషీ కథల చిరునామా అని రాసి ప్రసారం చేసింది.