ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

ఆంధ్రదేశము గన్న వైద్యవిజ్ఞానులలో డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వారు గతించి ముప్పాతిక శతాబ్దము దాటినది. రాచపుండు దేహమున నేల వ్యాపించును, దేహమును కాచు కణములు దాని నేల అడ్డలేకపోవును అను ప్రశ్నలు నేడు పరిశోధనాలయములను కలవరపెట్టుచున్నవి. ఆ ప్రశ్నల మూలమును వెదకినచో రెండు తావుల ఈ తెలుగువాని కృషి కనిపించును. అయినను భీమవరమునగాని బచ్చన్నపేటలోగాని ఆ పేరెరిగినవా రెందరు? కావున వారి చరిత్రమును సంగ్రహముగా విన్నవింపదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు గట్టెక్కిరి. మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రవైద్యాచార్యునికి అది కంటగింపయ్యెను, తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. సోదరు లిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియగుట వారి మనస్సును పరిశోధనకు మరల్చెను. మామగారి ధనసహాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి ఆదరువుతోను అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి.

అచ్చట ఫిస్కు పండితునితో కలసి 1929లో కండరమునుండి ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ పండితుడును దానిని కనుగొనెను. పొయ్యికి కట్టెలవలె కణమునకు శక్తినిచ్చున దిదియే. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, 1945 నాటికి తమ సహచరులతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించిరి. సోదరులను మ్రింగిన గ్రహణికి అది మందు. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను కూడ వారి నాయకత్వమున వెలువడినదే.

ఫోలిక్ ఆమ్లము లేనిదే కణము వృద్ధిపొందదు. రక్షకభటులవంటి తెల్లకణములే కట్టుతప్పి పెరుగుట లుకేమియా. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి కణమును మోసగించు అమినాప్టెరిను లెడర్లీయందు తయారయ్యెను. బోస్టనులో డాక్టరు ఫార్బరు దానిని 16గురు బాలల కిచ్చి, 10మందికి తాత్కాలికముగా గుణమిచ్చెనని 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

ఇక రెండవ తావు. కణము చచ్చునపుడు ఏ.టి.పి. వెలుపలికి చిందును. అది రక్షకకణములకు దండోరావంటి సంకేతము. రాచపుండు చుట్టునున్న కొన్ని ఎంజైములు దానిని అడెనోసినుగా మార్చును. ఆ అడెనోసిను రక్షకకణములను నిలువుమని శాసించును. శత్రు వంతట సందు చూచుకొని వ్యాపించును. ఆ శాసనమును అడ్డు మందులకై ప్రయత్నములు సాగుచున్నవి. విచిత్ర మేమనగా, కీళ్ళవాతమున స్వల్పముగా ఇచ్చు మెథోట్రెక్సేటు అడెనోసినును పెంచుటచేతనే వాపు నణచుచున్నదని పలువురి అభిప్రాయము. ఒకచో మేలుచేయు సంకేతమే మరియొకచో కీడగుచున్నది.

సుబ్బారావుగారు అమెరికా పౌరసత్వమును స్వీకరింపకయే, 53 ఏండ్ల ప్రాయమున 1948 ఆగస్టులో కన్నుమూసిరి. 1995లో మన తపాలాశాఖ వారి పేర బిళ్ళ వెలువరించినది. అది చాలునా? రెండుమార్లు తప్పిన విద్యార్థి నాడు ధర్మనిధి అండతో సముద్రము దాటెను. మన గ్రామములందలి సంపన్నులు అట్టి బాలు నొక్కని చదువునకు పూనుకొన్నచో, అదియే వారికి తగిన స్మారకమని మా విశ్వాసము.