దోర్నకల్ బిషప్ అజరయ్యగారు

శ్రీ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై గ్రామంలో ఒక పాస్టరుగారి ఇంట జన్మించారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసి, 1909లో మిషనరీగా నిజాం రాష్ట్రంలోని దోర్నకల్ చేరారు. మాతృభాష తమిళమైనా తెలుగు నేర్చి తెలుగులోనే బోధించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన ప్రథమ భారతీయులు వారే.

వారి సంఘస్థులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఒకే ఊరివారైనా కలిసి భోంచేయని రోజులవి. బాప్తిస్మంతోనే పని ముగిసిందని వారు తలచలేదు. క్రీస్తు సంఘంలో కులానికి చోటు లేదని బోధించి, అందరినీ ఒకే ఆరాధనకు, ఒకే ప్రభు బల్లకు పిలిచారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కథెడ్రల్‌ను సైతం మన దేశపు గుళ్ల, మసీదుల శిల్పరీతులు కలిపి కట్టించారు.

వేర్వేరు మిషన్‌ల సంఘాలు ఏకం కావాలని 1919 నాటి తరంగంబాడి సభ మొదలు పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆ రోజు చూడడానికి వారు లేరు.

ఇంట్లో ఒంటరిగా ప్రార్థించడం సులువే. పొరుగువాని పక్కన కూర్చుని ప్రార్థించినపుడే విశ్వాసం పెరుగుతుందని వారి జీవితం మనకు చెబుతోంది.